గాజుల లక్ష్మీనరసు శెట్టి: వస్త్రవర్తకుడు, ప్రజానాయకుడు

(సూరతు నగరమునందలి కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



సూరతు నగరమున కాపురమున్న తెలుగువారికి బట్టను గూర్చి ఒకరు వచ్చి చెప్పవలసిన పనిలేదు. ఇచ్చటి మరమగ్గముల చప్పుడులో తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలీల చెమట కలిసియున్నది. ఉద్యోగరీత్యా వచ్చినవారు కొందరైతే, నూలుపోగును పట్టుకొని వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. నిజమునకు ఈ నగరమునకును తెలుగుదేశమునకును గల చుట్టరికము నేటిది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున దిగిరి. ఆ వెంటనే, 1612, 1613 సంవత్సరములలో, సూరతున కాలూనిరి. రెండు చోట్లను వారిని రప్పించినది ఒక్కటే వస్తువు. అదియే బట్ట. తూర్పుతీరమున అద్దకపు బట్ట, పడమటి తీరమున గుజరాతు బట్ట. ఆ బట్టకై వచ్చినవారు తరువాత ఏమేమి పట్టుకొనిరో చెప్పనక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్ది వచ్చునప్పటికి సూరతు తన పూర్వవైభవమును పోగొట్టుకొన్నది. కంపెనీ వారి ప్రధాన స్థానము 1687లోనే బొంబాయికి తరలిపోయినది. 1837లో గొప్ప అగ్నిప్రమాదము, ఆ యేడే తాపీనది వరద నగరమును కుదిపివేసినవి. ఒకనాడు ఓడలతో నిండిన రేవు చిన్న పట్టణపు స్థితికి దిగినది. అయినను ఆ చిన్న పట్టణపు వర్తకులకు వెన్నెముక మాత్రము విరుగలేదు. 1844లో బొంబాయి ప్రభుత్వము ఉప్పుపన్నును మణుగునకు ఎనిమిది అణాలనుండి రూపాయికి పెంచగా సూరతు ప్రజలు వీధులలోనికి వచ్చిరి. దొరలపై దాడులు జరిగినవి. హెచ్చించిన పన్నును ప్రభుత్వము ఉపసంహరించుకొనవలసి వచ్చినది. 1848లో బెంగాలు తూనికలను, కొలతలను ఇచ్చట ప్రవేశపెట్టబోగా వర్తకులు, ప్రజలు ఏకమై వానిని బహిష్కరించిరి. ఆ ప్రయత్నమును సర్కారు విడిచిపెట్టినది. చేత కత్తి లేదు, కొట్టు మూయుటయే ఆయుధము! హర్తాళు అను మాట దేశమంతటికి తెలియుటకు ఎన్నో యేండ్ల ముందే సూరతు బజారునకు అది తెలియును.

1844లోనే ఇచ్చట మరియొక సంగతి జరిగినది. దుర్గారాం మెహతాజీ అను ఉపాధ్యాయుడు మిత్రులతో గూడి మానవ ధర్మసభను స్థాపించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2వ తేదీన, ఇచ్చటికి వందల క్రోసుల దూరమున, చెన్నపట్టణమున, ఒక తెలుగు వస్త్రవర్తకుడు తన సొంత ధనముతో ఇంగ్లీషు పత్రికను వెలువరించెను. ఈ రెంటికి సంబంధము లేదు. ఒకరి పేరు మరియొకరికి తెలియునో లేదో! అయినను ఉప్పుపన్నుపై లేచిన సూరతు బజారును ఎరిగినవారికి ఆ చెన్నపట్టణపు వర్తకుని కథ పరాయిదిగా తోచదు. ఆ వర్తకుడే గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు.

శెట్టిగారు 1806లో చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వ్యాపారమున పేరు గడించినవారు. కుమారుడు పెద్ద చదువు చదివినవాడు కాడు. కాని ఇంగ్లీషు నేర్చెను. పట్టణమునందలి చర్చాసభలకు పోయి రాజకీయ విషయములు వినెను, మాటలాడెను. పిమ్మట కుటుంబ వ్యాపారమున ప్రవేశించి నీలిమందునకు వస్త్రవ్యాపారమును తోడుచేసి ధనమార్జించెను.

ఆనాటి వస్త్రవ్యాపారమనగా ఏమో కొంచెము చెప్పుట అవసరము. నేడు సూరతు మార్కెట్టులో ఒక దుకాణమున కూర్చున్న సేఠు గంటలో లారీ సరకును పంపివేయగలడు. ఆనాడట్లు కాదు. వర్తకుడు దళారికి బయానా యిచ్చును, దళారి నేతగాని యింటికి పోయి ముందుగా రొక్కము నిచ్చును, నేతగాడు నూలు కొని నేయును, నేసిన బట్ట చాకలిచేతికి, అద్దకమువాని చేతికి పోవును. ఎఱుపునకు చిరివేరు, నీలమునకు నీలిమందు. ఆ గళ్ల రుమాళ్లు, చీట్లు ఓడలెక్కి లండను పోయి అచ్చటినుండి ఆఫ్రికా పడమటి తీరమునకు, వెస్టిండీసునకు పోవుచుండెడివి. ప్రపంచమున ‘మద్రాసు’ అను పేరు ఊరికంటె ముందు రుమాలుకు తెలిసినదన్నను అతిశయోక్తి కాదు. ఒక్క బట్ట వెనుక ఇన్ని చేతులు. వర్తకుడు తెలివిగలవాడైనచో ఈ చేతులన్నిటి స్థితిగతులు అతనికి తెలిసితీరును. పల్లెలో శిస్తు మించినచో నేతగాడు బయానా తిని పారిపోవును, వాన లేనిచో బట్ట కొనువాడుండడు. కనుక శెట్టిగారు పల్లెను గూర్చి పట్టించుకొనుటలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యమేమనగా, తక్కిన వర్తకులు పట్టించుకొనకపోవుట.

మాంచెస్టరు మిల్లుబట్ట దిగుమతి యగుచుండ నేతగాండ్ర బ్రతుకు అప్పటికే చితికియుండెను. దానిపై మొహతర్ఫా. ఈ పేరు నేటివారికి తెలియదు. మగ్గమునకు, సాలెవాని పనికి, కంసాలి పనిముట్లకు, వడ్రంగి ఉలికి, బాటప్రక్క బుట్ట పెట్టుకొని అమ్ముకొను ముసలిదాని బేరమునకు గూడ వేసెడి పన్ను అది. బొంబాయి రాజధానిలో, అనగా ఈ సూరతు నగరము చేరియున్న ప్రాంతమున, దీనిని 1844లోనే 19వ చట్టముచేత రద్దుచేసిరి. ఉప్పుపన్నును పెంచినది ఆ నష్టమును పూడ్చుకొనుటకే. మద్రాసు రాజధానిలో మాత్రము మొహతర్ఫా మరి పదునైదేండ్లకు పైగా కొనసాగినది. అనగా ఒకే కంపెనీ యేలుబడిలో సూరతు సాలెవానికి లేని పన్నును చీరాల సాలెవాడు కట్టెను. ఆదాయపు పన్ను శాఖవారు, కేంద్ర ఎక్సైజు శాఖవారు ఈ సభలో చాలమంది యున్నారు గనుక ఈ ముచ్చట వారికి రుచించగలదు.

శెట్టిగారి పత్రిక సంగతికి వచ్చెదము గాక. ‘నేటివ్ సర్క్యులేటర్’ అను చిన్న పత్రికను దాని యజమానియగు నారాయణస్వామి నాయుడుగారి యొద్దనుండి శెట్టిగారు కొనిరి. దానికి ‘క్రెసెంట్’ అని క్రొత్త పేరు పెట్టిరి. నెలవంక యని అర్థము. సంపాదకునిగా ఎడ్వర్డ్ హార్లీ అను ఒక మాజీ సైనికాధికారిని నియమించిరి. హిందువుల స్థితిని మెరుగుపరచుట పత్రిక ఆశయమని చెప్పుకొనిరి. పత్రిక వెలువడుచున్నదను ప్రకటనను, డబ్బు చెల్లించెదమన్నను, సర్కారు గెజిటువారు వేసుకొనలేదు! పుట్టకముందే ఈ బిడ్డపై సర్కారునకు కన్నెఱ్ఱ. మిషనరీల పక్షమున ‘రికార్డ్’ అను పత్రిక ఎదుట నిలిచి పోరాడినది.

ఆ తొలియేండ్లలో శెట్టిగారి పోరాటమంతయు మతము చుట్టు తిరిగినది. అప్పటి గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభువు మిషనరీలకు సానుభూతిపరుడు. సర్కారు విద్యాలయమున బైబిలును బోధనాంశముగా చేర్చవలెనని 1846లో ఆయన ప్రతిపాదించెను. శెట్టిగారు పట్టణమున బహిరంగసభను జరిపి వేలాది సంతకములతో విన్నపమును లండనునందలి కంపెనీ డైరెక్టర్లకు పంపిరి. డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనను త్రోసిపుచ్చిరి. ప్రభుత్వధనముతో నడుచు బడిలో ఏ ఒక్క మతమును బోధింపరాదను నియమము నేడు సహజముగా తోచును. నాడు దానికొరకు ఒక బట్టలవర్తకుడు పోరాడవలసి వచ్చినది.

మతము మార్చుకొన్నవానికి వారసత్వపు హక్కు పోరాదని 1845లో ప్రభుత్వము ఒక చట్టమును తలపెట్టగా చెన్నపట్టణపు హిందూ ప్రముఖులు దానిని కూడ తీవ్రముగా ప్రతిఘటించిరి. అది 1850లో 21వ చట్టముగా వచ్చి తీరినది. నేటి కన్నులతో చూచినచో ఆ చట్టము న్యాయమైనదే. మతము మారినంతమాత్రమున తండ్రి ఆస్తి పోవలెననుట న్యాయము కాజాలదు. మహాపురుషుని ప్రతి పోరాటమును మెచ్చుకొనితీరవలెనను నియమము లేదు. ఆ కాలపు మనుష్యుడు ఆ కాలపు మనుష్యుడే.

1852 ఫిబ్రవరి 26వ తేదీన మద్రాసు నేటివ్ అసోసియేషన్ వెలసినది. అంతకు ముందటి యేట కలకత్తాలో స్థాపితమైన బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనునకు మొదట ఇది శాఖ. కొలదినెలలకే విడిపోయి స్వతంత్ర సంస్థయైనది. కలకత్తావారికి జమీందారుల బాధలు ముఖ్యము, చెన్నపట్టణమువారికి రైతువారీ రైతు బాధలు ముఖ్యము. పొత్తు కుదురకపోవుట వింతగాదు. ఈ సంస్థకు ప్రాణము, ధనము రెండును శెట్టిగారే.

సమయము గూడ చక్కగా కలిసివచ్చినది. కంపెనీ సనదును ఇరువదియేండ్ల కొకసారి పార్లమెంటు పునఃపరిశీలించెడిది. 1793, 1813, 1833. పిమ్మట 1853. ఆ అదనుచూచి 1852 చివర అసోసియేషనువారు పార్లమెంటునకు ఒక సుదీర్ఘమైన విన్నపమును పంపిరి. అందు శిస్తు భారము, న్యాయస్థానముల జాప్యము, రోడ్లు వంతెనలు నీటిపారుదల పనులు లేకపోవుట, బడులు లేకపోవుట, ఇవియన్నియు గలవు. మొహతర్ఫాను గూర్చిన భాగమును బట్టలవర్తకుడుగాక మరియొకరు వ్రాయింపలేరు. పేదవాని పనిముట్టు ఖరీదుకు ఆరు రెట్లు మించిన పన్ను వానిపై పడుచున్నదని అందు చెప్పబడినది. లెక్క తెలిసినవాని ఫిర్యాదు అట్లుండును. అన్యాయమని కేకవేయుటకంటె, ఉలి ఖరీదింత, పన్నింత, అని రెండు అంకెలు ప్రక్కప్రక్కన పెట్టుటలో బలమెక్కువ.

పార్లమెంటున చర్చ జరిగినది. 1853 చట్టము వచ్చినది. కంపెనీ పాలన పోలేదు. కాని మునుపటివలె ఇరువదియేండ్ల గడువు నీయలేదు. విన్నపము వలన కలిగిన ఫలితము వేరొకచోట నున్నది. ఇండియా సంస్కరణ సంఘమును లండనులో స్థాపించిన పార్లమెంటు సభ్యులలో హెన్రీ డాన్బీ సీమోర్ ఒకడు. ఆయన తానే స్వయముగా చూచిపోవలెనని 1853 అక్టోబరులో చెన్నపట్టణమునకు వచ్చెను.

ఈ ఘట్టమున కొంచెము ఆగవలెను. శెట్టిగారు దొరగారిని తమ భవనమున కూర్చుండబెట్టి విందులు చేసి, నలుగురు పెద్దలను చూపి, పూలదండ వేసి పంపలేదు. వెంటబెట్టుకొని పల్లెలకు పోయిరి. గుంటూరు, కడలూరు, తిరుచిరాపల్లి, సేలము, తిరునల్వేలి. దక్షిణమున మొదటి రైలు 1856లో గాని నడువలేదు. కనుక ఈ ప్రయాణమంతయు మట్టిబాటలమీదనే. ఏబదికి మూడేండ్లు తక్కువ వయస్సుగల వర్తకుడు, కొట్టు విడిచి, బేరము విడిచి, తన ఖర్చుతో, నెలల తరబడి! వ్యాపారము చేసినవారికి ఇందలి నష్టమెంతో తెలియును.

గుంటూరు ప్రాంతమును వారు చూచునాటికి డొక్కల కరువు వెళ్లి ఇరువది యేండ్లయినది. 1832, 1833లలో వచ్చిన ఆ కరువున ఊళ్లకు ఊళ్లు పాడువడినవి. ఆ గాయము మానలేదు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట అప్పుడే, 1852లో, పూర్తియైనది. కృష్ణపై ఆనకట్ట పని సాగుచుండెను. నీటి కొరకు ఎదురుచూచుచున్న భూమిపై శిస్తు మాత్రము ఎదురుచూడలేదు. సీమోర్ దొర రైతుల నోట వినెను. శిస్తు రాబట్టుటకై మనుష్యులను హింసించుట ఆయన యెరుకకు వచ్చెను.

1854 జూలైలో ఈ సంగతి కామన్సు సభలో చర్చకు వచ్చినది. కంపెనీ పక్షమువారు అట్టిది లేదనిరి, తాము ఎన్నడు విననైన లేదనిరి. ఉద్యోగము చేసి పింఛను తీసికొనుచున్నవారు సభలోనే యున్నారు, వారును విననేలేదట! విచారణ చేయించెదమని ప్రభుత్వము ఒప్పుకొనక తప్పలేదు. ఆ సంవత్సరమే చెన్నపట్టణమున ఇ. ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అను ముగ్గురితో హింసల విచారణ సంఘము ఏర్పడినది. వీరిలో నార్టన్ న్యాయవాది, మద్రాసు రాజధాని దుస్థితిని గూర్చి అప్పటికే ఇంగ్లండునందలి రాజకీయ నాయకునకు బహిరంగలేఖ వ్రాసి ప్రచురించినవాడు.

ఫిర్యాదులు చెప్పుకొనుటకు గడువు మూడునెలలు. కూర్చున్నది చెన్నపట్టణమున. ఫిర్యాదుదారులు ఉన్నది రాజధాని నలుమూలల. అయినను కొందరు వందల మైళ్లు నడిచి వచ్చిరి. వచ్చినవారును, ఉత్తరములు వ్రాసికొన్నవారును కలిసి 1,900కు మించిరి. కూలిపోయిన పంట, బండెడు బాకీ, తిరిగి ఊరికి పోయినచో మరల అదే తహసీల్దారు, అదే బంట్రోతు. ఇంతటి భయమున్నను నోరు విప్పినవారు వారు. వచ్చినవారి సంఖ్యను చూచునప్పుడు రానివారి సంఖ్యను గూర్చియు ఆలోచింపవలెను.

1855లో నివేదిక వచ్చినది. అందలి హింసల పట్టికను చదువుటకు గుండె దిటవు కావలెను. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లను బిగించు కిట్టి. మెడను కాళ్లకు కట్టి వంచి ఎండలో నిలువబెట్టుట. వీపుపై రాయి పెట్టుట. తిండి, నీరు, నిద్ర లేకుండ నిర్బంధించుట. ఇవి దొంగలకుగాదు, శిస్తు బాకీపడిన సేద్యగాండ్రకు! దొంగతనము ఒప్పించుటకు పోలీసులు చేసెడివి వేరే యున్నవి. హింస జరుగుచున్నదని, అది యెల్లరు ఎరిగినదేయని సంఘము తేల్చిచెప్పెను. సముద్రములు దాటి ఈ నివేదిక చదువబడినది. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్కు డెయిలీ ట్రిబ్యూన్ పత్రికలో దీనిని ఆధారముచేసికొని వ్యాసము వ్రాసెను.

ఇచ్చట ప్రభుత్వోద్యోగుల సభలో తప్పక చెప్పవలసిన సంగతి యొకటి గలదు. నివేదిక ఇంగ్లీషు అధికారులను దాదాపు నిర్దోషులుగా విడిచిపెట్టినది. నేరమంతయు దేశీయ ఉద్యోగులపై, అనగా తహసీల్దారులు, గుమాస్తాలు, గ్రామోద్యోగులు, బంట్రోతులపై మోపినది. ఇది సగము నిజము. కిట్టి బిగించిన చేయి దేశీయునిదే, మన భాష మాట్లాడినవానిదే, తరచు ఆ ఊరివానిదే. దానిని కప్పిపుచ్చరాదు. మిగిలిన సగమేమనగా, జమాబందీలో ఇంత రావలెనని అంకె వేసినవాడు పైనున్నాడు. ఆ అంకె రాకపోయిన తహసీల్దారు పని పోవును. ఆ తహసీల్దారునకే 1816నుండి పోలీసు అధికారమును గూడ కట్టబెట్టిరి. శిస్తు అడుగువాడు వాడే, ఫిర్యాదు వినువాడు వాడే. వాని క్రింది బంట్రోతునకు ఇచ్చు జీతము బ్రతుకుటకు చాలదు. ఇట్టి యంత్రమును కట్టి, దానిలో నలిగినవాని రక్తము పండ్లచక్రమునకు అంటినది గాని యంత్రము త్రిప్పినవానికి అంటలేదనుట వింతతీర్పు. అయినను పండ్లచక్రము తాను చక్రమును మాత్రమేనని తప్పించుకొనజాలదు. ఆనాడు కూడ కిట్టి పట్టనొల్లని కరణములు, తహసీల్దారులు లేకపోలేదు. వారి పేర్లు ఏ నివేదికలోను లేవు.

ఈ విచారణ యొక్క ఫలము కంటికి కనబడునది: 1859లో 24వ చట్టముచేత మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ రెవిన్యూ శాఖనుండి వేరుచేయబడినది. 1860లో ఆదాయపు పన్ను వచ్చిన వెనుక మొహతర్ఫా తొలగిపోయినది. ఈ రెండును శెట్టిగారి వలననే జరిగినవనుట సరికాదు. కాలము, సిపాయిల తిరుగుబాటు, కంపెనీ పతనము, అన్నియు కలిసివచ్చినవి. కాని గుంటూరు మట్టిబాటపై ఆ దొరగారిని నడిపించిన చేయి లేనిచో, పార్లమెంటున ‘మేము విననేలేదు’ అన్నవారికి బదులు చెప్పువాడుండడు.

అసోసియేషనులో అందరును ఏకాభిప్రాయముతో నుండలేదు. శ్రీనివాస పిళ్ళగారు, ‘రైజింగ్ సన్’ పత్రిక నడిపిన వెంకటరాయులు నాయుడుగారు మొదలగువారు సర్కారుపై ఫిర్యాదులు చేయుటకు ముందు ఇంటిని చక్కదిద్దుకొనవలెననిరి. స్త్రీవిద్య, వితంతు వివాహము, అణగారినవారి చదువు వారికి ముఖ్యము. వారు విడిపోయి హిందూ ప్రోగ్రెసివ్ ఇంప్రూవ్‌మెంట్ సొసైటీని స్థాపించుకొనిరి. శెట్టిగారు సంఘసంస్కర్త కారు. ఆచారముల విషయమున పాతకాలపువారే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తరువాతి తరమున చేసిన పనికి ఆయన అండగా నిలిచియుండెడివారని చెప్పుటకు ఆధారము లేదు. శ్రీనివాస పిళ్ళగారి వాదములో బలమున్నది. అయితే కిట్టిలో వ్రేళ్లు చిక్కుకొన్న రైతు, సంఘసంస్కరణ పూర్తియగువరకు ఆగియుండుమన్నచో ఆగగలడా? ఎవరు ఎవరికంటె గొప్ప అను వివాదమునకు దిగక, ఆ చీలిక వలన ఇద్దరును బలహీనులైరని మాత్రము గ్రహించిన చాలును. సూరతు నగరమువారికి చీలికలను గూర్చి వేరుగా చెప్పవలెనా! 1907లో కాంగ్రెసు మహాసభ ఇచ్చటనేగదా రెండుగా చీలినది.

1850ల నడుమ అసోసియేషను పార్లమెంటునకు మరల విన్నపము పంపినది. ఈసారి సంతకములు పదునాలుగు వేలు. కోరిక యొక్కటే. కంపెనీ పాలన పోయి దేశము నేరుగా రాణిగారి ప్రభుత్వము క్రిందికి రావలెనని. స్వరాజ్యము కోరలేదేమి యని నేటి యువకుడు అడుగవచ్చును. ఆనాటికి ఆ మాట ఎవరి నోటను పుట్టలేదు. లాభము కొరకు ఏర్పడిన కంపెనీ దేశమును ఏలరాదనుటయే ఆనాటికి పెద్దమాట. అదియు ఒక వర్తకుడు అనుట! వర్తకుని ధర్మమేదో, రాజు ధర్మమేదో, తానే వర్తకుడగుటచేత ఆయనకు తెలిసియుండును. 1857 తిరుగుబాటు చెలరేగిన పిమ్మట, 1858లో, ఆ కోరిక వేరొక దారిని తీరినది.

కన్నెఱ్ఱ చేసిన సర్కారే పిమ్మట శెట్టిగారికి స్టార్ ఆఫ్ ఇండియా బిరుదునిచ్చినది. మద్రాసు శాసనసభలో తొలి భారతీయ సభ్యుడగు వి. సదగోపాచార్యులుగారు 1863లో కాలధర్మము చెందగా, ఆ స్థానమున శెట్టిగారిని నియమించిరి. 1861 చట్టము ప్రకారము ఏర్పడిన ఆ సభలో సభ్యులు ప్రభుత్వమును ప్రశ్నలడుగరాదు, బడ్జెటుపై మాటలాడరాదు. ఎదుటికి వచ్చిన బిల్లును గూర్చి మాత్రమే పలుకవలెను. ఇరువదియేండ్లు పత్రికలో ప్రశ్నలు వేసినవానికి ప్రశ్న వేయరాని కుర్చీ!

అప్పటికే తండ్రి విడిచిన ఆస్తియు, తానార్జించిన ఆస్తియు కరగిపోయినవి. పత్రికకు, విన్నపములకు, ప్రయాణములకు, లండనునందలి పనులకు పెట్టుబడియే గాని రాబడి లేదు. ఆ కాలమున చందాల వలన నడుచు రాజకీయము లేదు. నలుగురు ఇచ్చుటకు ఒప్పుకొన్నను, సమయమునకు ఇచ్చినవాడు ఒక్కడే. వ్యాపారమును చూచుకొనువాడు లేనిచో వ్యాపారము నిలువదు. అమెరికా అంతర్యుద్ధకాలమున, 1861 మొదలు 1865 వరకు, ప్రత్తి ధర ఆకాశమునంటి, సూరతున పుట్టిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ బొంబాయిలో ప్రత్తిరాజుగా వెలుగొందెను. పిదప ఆ బుడగ పగిలి ఆయనయు దెబ్బతినెను, మరల కోలుకొనెను. రాజాబాయి గోపురము ఆయన పేరును నిలిపియున్నది. లక్ష్మీనరసు శెట్టిగారు 1868లో కన్నుమూయునాటికి పేదవారు. గోపురము మాట అటుంచి, కుటుంబమునకు విడిచిపోవుటకు సైతము ఏమియు మిగులలేదు.

ఆయనతోడనే అసోసియేషను గూడ చల్లబడినది. 1880ల తొలినాళ్లలో దానిని మరల లేపుటకు ప్రయత్నము జరిగినది గాని పూర్వపు వేడి రాలేదు. ఈలోగా 1878లో సూరతు వర్తకులు లైసెన్సు పన్నుపై మరల కొట్లు మూసిరి, అల్లరి జరిగినది, కాల్పులు జరిగినవి. ఆ యేడే చెన్నపట్టణమున కొందరు యువకులు చేతిలో కాసులేకున్నను ‘హిందూ’ పత్రికను ప్రారంభించిరి. వారును, వారి మిత్రులును కలిసి 1884 మే నెలలో మద్రాసు మహాజనసభను స్థాపించినప్పుడు అధ్యక్షపీఠము నలంకరించినవారు పి. రంగయ్య నాయుడుగారు. వారితో చేయికలిపిన పనప్పాకము ఆనందాచార్యులుగారు ఏడేండ్ల పిమ్మట, 1891లో, నాగపురమున కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిరి.